కుర్చీలో ఉన్నవాడే రిఫరీ

ప్రశ్న: వారానికొక రాత్రి పూల్ లీగులో ఆడతాం, బల్ల మీద బంతుల్ని పాకెట్లలో వేసే ఆట. మేము ఆడేది ఎయిట్ బాల్, తన బంతులన్నీ వేశాక నల్లబంతి వేసినవాడిదే గెలుపు. టీముకు కెప్టెన్‌ని నేనే. మాలో ఒక కుర్రాడున్నాడు. చెయ్యి మంచిది, ఆటంటే ఇష్టమూ ఉంది, కానీ ఫోను మాత్రం వదలడు. ప్రత్యర్థి ఆడుతున్నంతసేపూ తల దించుకుని వేలితో తెర తోస్తూనే ఉంటాడు. పోయిన వారం అవతలి ఆటగాడు చివరి నల్లబంతి మీద వంగి, క్యూ (బంతిని కొట్టే కర్ర) వెనక్కి లాగిన క్షణంలో మావాడి ఫోను గట్టిగా మోగింది. బంతి పాకెట్ మూతికి తగిలి బయటికొచ్చేసింది. మావాడు "సారీ సారీ" అని నవ్వుకుంటూ లేచి, తనకు మిగిలిన రెండు బంతులూ, ఆ నల్లబంతీ వేసేశాడు. ఆ ఒక్క ఆటతో రాత్రి మ్యాచ్ మాకొచ్చింది. అవతలి కెప్టెన్ చెయ్యి కలిపాడు గానీ మొహం చూడలేదు. తర్వాత మావాణ్ని అడిగితే, "అన్నా, ఫోను మోగితే గురి తప్పేవాడు ఆడటం ఎందుకు? ఇక్కడ పాటలు మోగట్లేదా, పక్క టేబుల్ వాళ్లు అరవట్లేదా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. పైగా నేను స్కోరు రాసేదీ ఫోనులోనే. వాడికి ఎలా చెప్పాలి? టీములో ఏం నియమం పెట్టాలి? స్మార్ట్ వాచీ కూడా ఈ లెక్కలోకే వస్తుందా?

సమాధానం: ముందు మీ కుర్రాడికి జవాబు చెబుదాం. ఆ మాట ప్రతి లీగులోనూ ఎవరో ఒకరు అంటారు, వినగానే నిజమేననిపిస్తుంది కూడా.

పాటలు మోగుతూనే ఉంటాయి, నిజమే. పక్క టేబుల్ మీద ఆట మొదలుపెట్టే బ్రేక్ కొడితే పెళపెళమంటుంది. ఆటగాడు టేబుల్ దగ్గరికి వచ్చేసరికే అదంతా ఉంది. వర్షం పడుతుంటే నిద్ర పట్టినట్టు, ఆ గోలకు చెవి అలవాటు పడిపోతుంది. ఫోను మోత అలా కాదు. అది ఎవరో ఒకరిని పిలవడానికే చేసిన శబ్దం. గదిలో ఎవరి ఫోను మోగినా నలుగురి చేతులు జేబుల మీదికి వెళ్లడం మీరు చూసే ఉంటారు. క్యూ పట్టుకుని వంగినవాడికీ అదే జరుగుతుంది, కాకపోతే అతని చెయ్యి జేబు మీదికి పోదు, క్యూ మీద బిగుసుకుంటుంది.

ఎంత బిగుసుకుంటే ఎంత తప్పుతుందో ఒకసారి లెక్క వేసి చూపించండి, మీవాడికి నచ్చుతుంది. పూల్ బంతి అడ్డుకొలత 57 మిల్లీమీటర్ల పైచిలుకు. ప్రపంచ పూల్ బిలియర్డ్ సంఘం కొలతల ప్రకారం మూల పాకెట్ మూతి దాదాపు 114 మిల్లీమీటర్లు. అంటే బంతి సరిగ్గా మధ్యలోకి వెళ్తే అటు 28, ఇటు 28 మిల్లీమీటర్ల ఖాళీ. ఇప్పుడు నల్లబంతి పాకెట్‌కి 1.2 మీటర్ల దూరంలో ఉందనుకోండి, షాట్ దాదాపు తిన్నగానే ఉందనుకోండి. క్యూతో కొట్టే తెల్లబంతి అనుకున్న దారికి ఒకటిన్నర మిల్లీమీటర్ పక్కగా వచ్చి తగిలితే చాలు, నల్లబంతి డిగ్రీన్నర పక్కకు తిరుగుతుంది. పాకెట్ దగ్గరికి చేరేసరికి ఆ తేడా 31 మిల్లీమీటర్లు. ఖాళీ 28. అంటే మీరు రాసినట్టే, మూతికి తగిలి బయటికి.

ఒకటిన్నర మిల్లీమీటర్ అంటే ఒక నాణెం మందం. ఎంత గొప్ప ఆటగాడైనా, వెనక్కి లాగిన క్యూ ముందుకు వచ్చే ఆ అర సెకనులో ఉలిక్కిపడితే అంతకంటే ఎక్కువే తప్పుతాడు. కాబట్టి ఫోను మోగితే గురి తప్పేవాడు ఆడకూడదంటే, మీ కుర్రాడితో సహా ఎవ్వరూ ఆడకూడదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఆ రాత్రి అవతలి కుర్చీలో కూర్చున్నవాళ్లకు గుర్తొచ్చే ఉంటుంది.

ఇంతవరకూ చెప్పింది మర్యాద సంగతి. మర్యాద మాట ఎత్తితే మీవాడు మళ్లీ వాదనకు దిగుతాడు. అందుకే అసలు విషయం మరో వైపు నుంచి చెప్పాలి, అదే మీ సమస్యకు మందు అని నా నమ్మకం.

లీగు మ్యాచ్‌లో టేబుల్ పక్కన రిఫరీ ఉండడు. టీవీలో కనిపించే పెద్ద టోర్నమెంట్లలో తెల్లచేతి తొడుగులు వేసుకున్న మనిషి ప్రతి షాటూ దగ్గరుండి చూస్తాడు. వారం వారం ఆడే మనలాంటివాళ్లకు ఆ మనిషి ఎవరు? కుర్చీలో కూర్చున్న ప్రత్యర్థే. అవతలివాడు కొట్టిన తెల్లబంతి ముందుగా ఏ బంతిని తాకిందో చూడాల్సింది అతనే. తాకాక ఏదో ఒక బంతి పాకెట్‌లో పడాలి, లేదా ఏదో ఒక బంతి కుషన్‌కు, అంటే టేబుల్ లోపలి అంచుకు, తగలాలి. తగలకపోతే ఫౌల్. అదీ అతనే చూడాలి. ఎయిట్ బాల్‌లో స్పష్టంగా కనబడని షాట్ అయితే ఏ బంతి ఏ పాకెట్‌లోకో ముందుగా చెప్పాలి. చెబుతున్నప్పుడు వినాల్సిందీ అతనే. తల దించుకుని ఉన్నవాడికి "పసుపు బంతి, అటు మూలకు" అన్న మాట వినబడదు. బంతి పడ్డాక తల ఎత్తి "ఇది చెప్పలేదుగా" అంటాడు. చెప్పానంటాడు అవతలివాడు. ఇద్దరిదీ నిజాయితీయే, ఇద్దరిదీ తగువే. నేను చూసిన లీగు తగాదాల్లో సగం ఇలా మొదలైనవే.

ఇక ఇందులో ఒక ముల్లుంది. మన ప్రత్యర్థి ఫౌల్ చేశాడని, అతను తర్వాతి షాట్ మొదలుపెట్టేలోపు మనం చెప్పకపోతే, ఆ ఫౌల్ జరగనట్టే లెక్క. ప్రపంచ సంఘం నియమాల్లో ఆ మాట స్పష్టంగా ఉంది. మీవాడు ఒక సందేశం చదువుతుండగా అవతలి తెల్లబంతి ముందు మీ బంతికి తగిలి, తర్వాత వాళ్ల బంతిని వేసిందనుకోండి. చూసుంటే తెల్లబంతి చేతికి వచ్చేది, టేబుల్ మీద ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకుని ఆడేవాడు. చూడలేదు కాబట్టి అవతలివాడు ఇంకో బంతికి వంగాడు, అంతే, పోయింది. ఎవరూ మోసం చేయలేదు. అవతలివాడికి కూడా తెలియకపోవచ్చు, అతను తన బంతినే చూస్తున్నాడు.

నాకిది పుస్తకంలో చదివి తెలియలేదు. కొన్నేళ్ల కిందట నైన్ బాల్ అనే మరో పూల్ ఆట ఆడుతున్నాను. నైన్ బాల్‌లో ఒకే ర్యాక్‌లో (అంటే ఒక విడత ఆటలో) వరసగా మూడు ఫౌల్స్ చేస్తే ర్యాక్ పోతుంది. కానీ రెండో ఫౌల్ అయ్యాక, "నీకు రెండయ్యాయి" అని హెచ్చరించాలి. రిఫరీ లేని చోట ఆ పని ప్రత్యర్థిది. అవతలాయన రెండో ఫౌల్ చేశాడు. నేను లేచి ఒక సేఫ్టీ ఆడి, అంటే అతను కొట్టాల్సిన బంతి కనిపించకుండా దాచి, మహా తెలివిగా వచ్చి కూర్చుని ఫోను తీశాను. ఆఫీసు నుంచి ఏదో ప్రశ్న, రెండు మాటల జవాబు. ఈలోపు ఆయన ఆడాడు, బంతి తగల్లేదు. నేను ఎగిరి లేచాను. "మూడోది! ర్యాక్ నాది!" ఆయన చాలా నెమ్మదిగా, "రెండయ్యాయని నాకు చెప్పారా మీరు?" అన్నాడు. చెప్పలేదు. చెప్పకపోతే మూడోది కూడా రెండోదిగానే లెక్క. తెల్లబంతి చేతికైతే వచ్చింది గానీ, నా చేతులు అప్పటికే వణుకుతున్నాయి. ఆ ర్యాక్ ఓడిపోయాను. ఆఫీసు ప్రశ్న ఏమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

మీ కుర్రాడికి ఈ వైపు నుంచి చెప్పండి. "ఫోను చూడటం తప్పురా" అంటే పెద్దవాళ్ల సుద్దులు. "నువ్వు ఫోనులో ఉన్నప్పుడు వాడు రెండు ఫౌల్స్ చేశాడు, నేను చూశాను, నీ ఆట కాబట్టి నేను చెప్పకూడదని ఊరుకున్నాను" అంటే అది ఆట. కొన్ని లీగుల్లో ఆడుతున్న ఇద్దరే ఫౌల్ చెప్పాలి, పక్కనున్న టీమువాళ్లు నోరు విప్పకూడదు. మీ లీగులో ఏముందో చూసుకుని మరీ చెప్పండి.

స్కోరు రాసేవాడికీ ఇంతే. మీరు రాసేది ఫోనులోనేనన్నారు. ఈ రోజుల్లో చాలా లీగులు స్కోరు ఆప్‌లోనే రాయిస్తున్నాయి, అందులో తప్పు లేదు. కానీ స్కోరు అంటే ఎవరు గెలిచారన్నది ఒక్కటే కాదు. అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్ లాంటి లీగుల్లో ఇన్నింగ్స్ (ఇద్దరి వంతులూ అయితే ఒకటి) లెక్కపెట్టాలి, గురిపెట్టి వేయకుండా దాచడానికి ఆడిన డిఫెన్సివ్ షాట్లు విడిగా గుర్తు పెట్టాలి. ఆ లెక్కల నుంచే ఆటగాడి స్థాయి తేలుతుంది. మధ్యలో సందేశం వచ్చి మీరు అటు వెళ్లి, నాలుగు డిఫెన్సివ్ షాట్లు గుర్తు పెట్టకుండా వదిలేస్తే, నిజంగా బాగా ఆడినవాడు కాగితం మీద బలహీనుడిలా కనిపిస్తాడు. వచ్చే నెల అతనితో ఆడేవాడికి అన్యాయం. అది మీరు కావాలని చేశారని ఎవరైనా అనుమానిస్తే, కాదని నిరూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

అందుకని స్కోరు ఫోను గురించి నా పద్ధతి చెబుతాను. మ్యాచ్‌కి ముందే అవతలివాళ్లకు, "ఇందులో స్కోరు రాస్తున్నాను, అందుకే చూస్తుంటాను" అని ఒక మాట చెప్తాను. ఆ ఒక్క మాటతో సగం చిరాకు పోతుంది. తెర వెలుతురు తగ్గిస్తాను, స్కోరు ఆప్ తప్ప ఏదీ పైకి రాకుండా నోటిఫికేషన్లు ఆపేస్తాను. వైబ్రేషన్ కూడా ఆపేస్తాను, దీన్ని చాలామంది మరిచిపోతారు. చెక్కబల్ల మీద బోర్లా పెట్టిన ఫోను కంపించిందంటే, జేబులో మోగినదానికంటే పెద్ద గోల. బల్లంతా బుర్రుమంటుంది, ఫోను దానంతటదే జరుగుతూ అంచుదాకా పోతుంది, గదిలో అందరూ దాన్నే చూస్తారు. అది పడిపోతుందేమోనని పట్టుకోబోయి నేను ఒకసారి షాట్ ఆడబోతున్నవాడికి సరిగ్గా ఎదురుగా దూకాను. మోగినా బాగుండేది.

ఎదురుగా అంటే గుర్తొచ్చింది. శబ్దం లేకపోయినా ఫోను అడ్డే కొన్నిసార్లు. ఆటగాడు గురి చూసే గీత మీద, అతను వేయబోయే పాకెట్ వెనక ఎవరైనా కూర్చుని ఉంటే కదలకుండా ఉండాలని అందరికీ తెలుసు. తెలిసినవాళ్లు క్యూ కొనకు చాక్ కూడా రాయరు. కానీ అక్కడే కూర్చుని ఫోను తీస్తారు. చీకటి మూలలో తెర వెలగడం, ముఖం నీలంగా మారడం, బొటనవేలు కదలడం, ఇవన్నీ వంగినవాడి కంటికి నేరుగా తగులుతాయి. అతను లేచి నిలబడి, చాక్ రాసుకుని, మళ్లీ వంగుతాడు. రెండోసారి లేచాడంటే మీవైపు చూస్తున్నాడని అర్థం. ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో కావాలని చేసేవాళ్లూ ఉన్నారు. అవతలివాడి ఏకాగ్రత చెడగొట్టడానికి ఏదో ఒకటి చేయడాన్ని పూల్‌లో షార్కింగ్ అంటారు. ప్రపంచ సంఘం నియమాల్లో క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన పనుల జాబితా ఉంది, అందులో మొట్టమొదటిదే ప్రత్యర్థి దృష్టి మళ్లించడం. శిక్ష ఏమిటన్నది రిఫరీ ఇష్టం, హెచ్చరిక నుంచి మ్యాచ్ తీసేయడం దాకా ఏదైనా కావచ్చు. మీవాడు కావాలని చేయలేదని నేను నమ్ముతాను. కానీ నవ్వుకుంటూ లేచాడని మీరే రాశారు. అవతలి కుర్చీలోంచి చూస్తే ఆ నవ్వు ఒక్కటే కనిపిస్తుంది.

చదరంగంలో అయితే ఇంత చర్చే ఉండదు. 2003లో బల్గేరియాలోని ప్లొవ్‌దివ్‌లో జరిగిన యూరోపియన్ టీమ్ చాంపియన్‌షిప్‌లో రుస్లాన్ పొనమరియోవ్ ఫోను ఆట మధ్యలో మోగింది. ఆయన అంతకుముందే ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) ప్రపంచ చాంపియన్ అయినవాడు. ఆ రోజు ఆయన ఇరవయ్యో పుట్టినరోజు. అక్కడికక్కడే ఆట ఓడిపోయినట్టు ప్రకటించారు. మన లీగులకు అంత కఠినం అక్కర్లేదంటాను. చదరంగంలో ఫోను భయం వేరు, అందులో యంత్రం ఎత్తులు చెప్పగలదు. మనకు యంత్రం వచ్చి క్యూ కొట్టిపెట్టదు. పైగా లీగుకు వచ్చేవాళ్లు పగలంతా పని చేసి, ఇంట్లో పసిపిల్లల్నో పెద్దవాళ్లనో వదిలి వచ్చేవాళ్లు. వాళ్లను ఫోను తలుపు బయట పెట్టి రమ్మంటే సగం టీములు రద్దయిపోతాయి.

అయితే ఫోను ద్వారా సలహా అన్నది మన ఆటలోనూ ఉంది, దాని మీద మీరు ఓ కన్నేసి ఉంచండి. టైమ్ అవుట్ తీసుకుని టీములో ఒకరు వచ్చి షాట్ గురించి చెప్పే లీగుల్లో ఆ టైమ్ అవుట్లకు లెక్క ఉంటుంది, ఆటకు ఒకటో రెండో, ఒక్కోటి నిమిషం. కుర్చీలోంచి "సేఫ్టీ ఆడు" అని సందేశం పంపితే అది దొంగ టైమ్ అవుట్. మీవాడు తన షాట్‌కు ముందు ఫోను చూసి వెళ్లాడంటే, అందులో ఏముందో అవతలివాళ్లకు తెలియదు. ఏమీ లేకపోయినా అనుమానానికి చోటిచ్చినట్టే. చెవిలో ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఆడేవాళ్లకూ ఇదే మాట. పాటలే వింటుండొచ్చు, కానీ అవతలివాడు ఫౌల్ అన్నా పాకెట్ పేరు చెప్పినా వినబడదు కదా.

తన వంతు వచ్చాక కూడా ఫోను చూసుకునేవాళ్ల గురించి రెండు మాటలే. ఒక టీము రాత్రి అంటే ఎన్నో ఆటలు. ఒక్కొక్కరూ ప్రతి వంతుకూ అర నిమిషం ఫోనుకిస్తే ఎన్ని గంటలకు ఇంటికి వెళ్తారో మీరే లెక్కేసుకోండి. టీవీలో చూసే పెద్ద మ్యాచ్‌లలో మొత్తం షాట్‌కే ముప్పై సెకన్లు ఇస్తుంటారు.

ఇక నిజంగా అవసరమైన ఫోన్లు. ఇంట్లో ఎవరికో బాగాలేదు, ఎవరో ప్రయాణంలో ఉన్నారు, ఉద్యోగమే అలాంటిది. ఆటకు ముందే ప్రత్యర్థితో, "ఒక ఫోను రావచ్చు, క్షమించాలి" అని చెప్పాలి. ఫోను సైలెంట్‌లో పెట్టి, ఆ ఆటలో లేని టీముమేట్ చేతిలో పెట్టాలి. వస్తే అతను బయటికి వెళ్లి ఎత్తుతాడు. అవసరమైతే ఆడుతున్నవాడి షాట్ పూర్తయ్యాక మెల్లగా చెప్తాడు. ఇలా చెప్పిన ఆటగాడితో, "వెళ్లండి, నేను ఆగుతాను" అననివాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు.

వీడియో తీసుకోవడం మంచి అలవాటే, తన తప్పులు తనకు తెలుస్తాయి. అడిగి తీయాలి, ఒక చోట కదలకుండా పెట్టి వదిలేయాలి. అయితే వివాదం వచ్చాక ఫోను తీసి "వీడియో చూద్దాం రండి" అనడం నాకు నచ్చదు. ఏ బంతి ముందు తగులుతుందో చెప్పడం కష్టమనిపించే షాట్ వస్తే, ఆడకముందే ఆపి, ఇద్దరికీ సమ్మతమైన మూడో మనిషిని పిలిచి చూడమనాలి. ఆడాక పిలిస్తే అతను చూసింది ఏమీ ఉండదు.

ఇప్పుడు మీవాడికి ఎలా చెప్పాలన్నది. మొదట మీ ఫోను సంగతి చూసుకోండి. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదని, మీరు స్కోరు మధ్యలో సందేశాలు చూస్తున్నది వాడు చూసే ఉంటాడు. ఆ మాట ముందే మీరే ఒప్పుకోండి: "నేనూ చూస్తున్నాను, ఈ వారం నుంచి మానేస్తున్నాను." మ్యాచ్ రాత్రి చెప్పకండి, నలుగురిలో చెప్పకండి, టీము గ్రూపులో అయితే అసలే రాయకండి. గ్రూపులో రాసిన మందలింపుకు మొదటి జవాబు బొటనవేలు బొమ్మ, రెండోది మౌనం, మూడోది వేరే టీము. ప్రాక్టీసుకు ఇద్దరే వెళ్లిన రోజు ఆ నల్లబంతిని అదే చోట పెట్టి, తెల్లబంతిని అదే చోట పెట్టి ఆడమనండి. వాడు క్యూ వెనక్కి లాగగానే మీ ఫోను మోగించండి. ఒకసారి వేసేస్తాడేమో, నవ్వుతాడు. పదిసార్లు చేయండి, మోగేదెప్పుడో తెలియకుండా. ఐదోసారికి "అన్నా, ఆపు" అంటాడు. అప్పుడిక మీరు ఏమీ చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత పని అప్పగించండి. వట్టిగా "చూడకు" అంటే చేతులు ఖాళీ, ఖాళీ చెయ్యి ఫోను మీదికే పోతుంది. అవతలివాడి ప్రతి వంతులో తెల్లబంతి ఎక్కడాగిందో, ఎక్కడ తప్పాడో, ఏ చేతివైపు షాట్లు ఇష్టపడడో చూసి ఆటయ్యాక మీకు చెప్పమనండి. చెయ్యి మంచిదని రాశారు కదా, అలాంటివాడు రెండు వారాల్లో ప్రత్యర్థుల్ని చదవడం నేర్చుకుంటాడు. టీము నియమం చిన్నదిగా పెట్టండి: ఆడుతున్నవాడి ఫోను క్యూ సంచిలో, మిగతావాళ్లవి సైలెంట్‌లో, మాట్లాడాలంటే టేబుల్‌కి దూరంగా. ఒక్క మినహాయింపు స్కోరు రాసేవాడికి. మాట వినకపోతే ఒక వారం ఆడించకండి. మంచి ఆటగాణ్ని కూర్చోబెడితే మ్యాచ్ పోవచ్చు. పోనివ్వండి. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా రానివ్వకూడదు.

పోయిన వారం బాకీ ఇంకా ఉంది, అది మీరు అడగలేదు కానీ నేను చెప్పాలి. ఆ నల్లబంతి తప్పిన క్షణంలో మీరు లేచి, "ఇది మా తప్పు, బంతులు తిరిగి పెట్టుకుని మళ్లీ ఆడండి" అని ఉండాల్సింది. రిఫరీ లేని చోట ఇద్దరు కెప్టెన్లే తేల్చుకోవాలి. ఏ నియమమూ మిమ్మల్ని బలవంతం చేయకపోయినా ఆ మాట మీ నోటి నుంచే రావాలి. మీవాళ్లు కోప్పడి ఉండేవాళ్లు, నాకు తెలుసు. ఇప్పుడు స్కోరు మార్చమని లీగు నిర్వాహకుల దగ్గరికి వెళ్లకండి, అది అందరికీ తలనొప్పి. అవతలి కెప్టెన్‌కి ఫోన్ చేయండి. "ఆ షాట్ మావాడి ఫోను వల్లే పోయింది. అప్పుడే మళ్లీ ఆడమనాల్సింది, అనలేదు. తప్పు నాది" అనండి. ఎందుకు అనలేదో వివరించకండి, వివరణ మొదలైతే క్షమాపణ అక్కడితో ఆగిపోతుంది. నవ్వినవాడు వాళ్లతో మళ్లీ ఆడే రోజు తనే వెళ్లి చెయ్యి కలపాలి, అది మీరు వాడి తరఫున చెప్పేది కాదు.

స్మార్ట్ వాచీ అడిగారు. వస్తుంది, ఈ లెక్కలోకే. మణికట్టు తిప్పితే వెలుగుతుంది, బ్రిడ్జ్ చేతికి (టేబుల్ మీద ఆనించి క్యూకు దన్నుగా పెట్టే చేతికి) ఉంటే సరిగ్గా గురి గీత పక్కనే వెలుగుతుంది. కంపిస్తే ఆ చెయ్యే కదులుతుంది, అంటే మీ షాట్ మీరే పాడు చేసుకుంటారు. నేను తీసి క్యూ సంచి చిన్న జేబులో వేసేస్తాను. మర్నాడు పొద్దున ఇల్లంతా వెతుకుతాను.